తలుపు తట్టే మనిషి

హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఇంకో పేరుంది. పాతకాలం వాళ్ళు దాన్ని కోరంటి దవాఖానా అంటారు. కోరంట పూలకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు లెండి. నిజాం కాలంలో అంటురోగం సోకినవాళ్ళను ఊరికి ఎడంగా ఉంచడానికి పెట్టిన క్వారంటైన్ అది. ఆ మాట జనం నోట్లో నలిగి, నునుపు తేలి, చివరికి కోరంటి అయి కూర్చుంది. అసలు ఆ ఇంగ్లీషు మాటకైనా సొంత ఊరు ఇంగ్లండు కాదు, ఇటలీ. ప్లేగు భయంతో వెనిస్ రేవులో ఓడల్ని నలభై రోజులు దూరంగా నిలబెట్టేవారు. ఆ నలభైలోంచి పుట్టిన మాట అది. మన వైద్యులు మందిచ్చి ఒక మండలం రోజులు వాడమనేవారు చూడండి, ఇంచుమించు అదే లెక్క. నూరేళ్ళ క్రితం మన ముత్తవ్వలు తమ నాలుకకు తగ్గట్టు మలుచుకున్న ఆ మాటని 2020 మార్చిలో మన పిల్లలు మళ్ళీ కొత్తగా, చక్కటి ఇంగ్లీషు ఉచ్చారణతో నేర్చుకున్నారు.

మహమ్మారులు వచ్చినప్పుడు ప్రభువులేం చేశారో, శాస్త్రవేత్తలేం కనిపెట్టారో చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. అవి చదువుతున్నప్పుడల్లా నాకు మాత్రం ఒక ఇల్లాలికి తోచే సందేహమే తోస్తుంది. జబ్బుమనిషి ఉన్న ఇంటి తలుపు మొట్టమొదట తట్టిందెవరు? తట్టినప్పుడు ఆ మనిషి చేతిలో ఏముంది? లోపలివాళ్ళు తలుపు తీశారా, గడియ బిగించుకున్నారా? పెద్ద ఆస్పత్రులూ, ప్రయోగశాలలూ తర్వాత సంగతి. మహమ్మారికి దేశం సిద్ధంగా ఉందో లేదో ముందుగా తేలేది ఆ గడప దగ్గరే.

1896లో బొంబాయి మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. అది ప్లేగే అని గుర్తుపట్టినవాడు అకాసియో వీగాస్ అనే స్థానిక వైద్యుడు. పేటలో తిరిగి రోగుల్ని చూసే డాక్టరు కాబట్టే ఆయన కంటికి ముందు పడింది. ప్రభుత్వం మాత్రం వైద్యుణ్ణి వెంటబెట్టుకుని రాలేదు, చట్టాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం చేశారు. ఎంతోనా, నాలుగంటే నాలుగే సెక్షన్లు. కానీ ఆ నాలుగు ముక్కల్లోనే అధికారులకు ఇష్టం వచ్చినట్టు చేసే వీలంతా ఉంది. ప్రయాణికుల్ని ఆపి పరీక్షించవచ్చు. రోగం ఉందని అనుమానం వస్తే మనిషిని తీసుకుపోయి వేరే ఉంచవచ్చు. ఇవన్నీ చేసినవాళ్ళ మీద, సద్బుద్ధితోనే చేశామంటే చాలు, కేసు నడవదు.

పూనాలో ఆ చట్టం ఏ రూపంలో వచ్చిందో చూడండి. రాండ్ అనే దొర ప్లేగు కమిటీకి పెద్ద. ఇళ్ళు వెతకడానికి ఆయన దింపింది గోరా సిపాయిల్ని. బూట్లతో వంటింట్లోకి, దేవుడి గదిలోకి. ప్లేగు గడ్డలు లేచేది చంకల్లోనూ, గజ్జల్లోనూను. వాటికోసం ఆడవాళ్ళను వెతకడమంటే ఎలా ఉంటుందో ఈ పేజీ చదివేవాళ్ళకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. వీధిలో, పరాయి మగవాళ్ళ ఎదుట పరీక్షలు చేశారని ఊరు ఊరంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు జనం ఏం చేస్తారు? చెయ్యగలిగిందే చేశారు. రోగుల్ని దాచేశారు. పక్కింటికి కూడా తెలియకుండా మూలుగులు నొక్కిపెట్టి, చచ్చిపోతే దొంగచాటుగా సాగనంపారు. ఏ రోగాన్ని వెతకడానికి సిపాయిలు వచ్చారో ఆ రోగం వాళ్ళను చూసే ఇంకా లోపలికి పోయి దాక్కుంది. పండిత రమాబాయి లాంటి విదుషి సైతం పూనా ప్లేగు ఆస్పత్రిలో ఆడపిల్లల క్షేమం గురించి బొంబాయి పత్రికకు ఉత్తరం రాయవలసి వచ్చింది. చివరికి 1897 జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి పట్టాభిషేక వజ్రోత్సవాల వేళ, చాపేకర్ సోదరులు రాండ్ మీద తుపాకి పేల్చారు. అది స్వాతంత్ర్య చరిత్రలో ఒక ఘట్టంగా మిగిలింది. వైద్య చరిత్రలో కూడా దానికో చోటుండాలని నా అభిప్రాయం.

అదే పూనాలో, అదే మార్చి నెలలో, ఇంకొక రకంగా తలుపు తట్టిన మనిషి కూడా ఉంది. సావిత్రీబాయి ఫూలే. ఆడపిల్లలకు చదువు చెప్పిన తొలి తరం పంతులమ్మగా ఆవిడ మనకు తెలుసు. అప్పటికి ఆవిడ వయసు అరవై ఆరు. కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట ఆయన నడిపిన ప్లేగు చికిత్సాలయానికి, అంటరానివాళ్ళని ఎవరూ ముట్టుకోని వాడల్లోంచి రోగుల్ని ఆవిడే స్వయంగా తీసుకొచ్చేది. అలా తీసుకురావడంలోనే ఆవిడకూ రోగం అంటుకుంది. 1897 మార్చి 10న పోయింది. సిపాయిల వెతుకులాట మొదలైందీ ఆ రోజుల్లోనే. ఆవిడ చేతిలో చట్టం లేదు, మందు లేదు. కానీ ఆవిడ వస్తే తలుపు తీశారు. తలుపు తీసినంత మాత్రాన ప్లేగు ఆగదు, నిజమే. తనను తాను కాపాడుకోవడానికి ఆవిడకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఈ రెండు సంగతులూ కలిపి గుర్తు పెట్టుకోండి, ముందుముందు పనికొస్తాయి.

ఇంతలో బొంబాయిలో హాఫ్కిన్ అనే రష్యా దేశపు యూదు శాస్త్రవేత్త ప్లేగుకు టీకా తయారుచేశాడు. 1897 జనవరిలో మొదటి మోతాదు తన ఒంట్లోనే పొడిచేసుకున్నాడు. లక్షలాదిమందికి ఆ టీకా వేశారు. అయితే 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ అనే పల్లెలో ఘోరం జరిగింది. ఆ రోజు టీకా వేసిన 107 మందిలో ఒకే సీసాలోని మందు పడ్డ 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పంతా హాఫ్కిన్ ప్రయోగశాలదే అన్నారు. ఆయన ఉద్యోగం పోయింది, పరువు పోయింది. ఏళ్ళ తరబడి వాదప్రతివాదాలు జరిగాక బయటపడ్డదేమిటి? ఆ పల్లెలో సీసా బిరడా తీసే పట్టకారు నేలమీద పడింది. సహాయకుడు దాన్ని సరిగా శుద్ధి చెయ్యకుండా పలచటి మందునీళ్ళలో ఒకసారి ఆడించి, దానితోనే బిరడా తీశాడు. అంతే! 1907లో హాఫ్కిన్ నిర్దోషి అని తేలింది. ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్ళలో రోనాల్డ్ రాస్ ఒకడు. మలేరియా దోమ గుట్టు మన సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న విప్పినాయన. ఇందాక చెప్పిన కోరంటి దవాఖానాకు ఈనాటి అధికార నామం కూడా ఆయన పేరే.

ప్రపంచమంతా మెచ్చిన టీకా ఒక పల్లెటూరి పట్టకారు దగ్గర ఓడిపోయింది. ఆ సహాయకుణ్ణి తిట్టిపోయడం సులువు. కింద పడ్డ పట్టకారును ఎందుకు మరగబెట్టాలో అతనికి ఎవరైనా కూచోబెట్టి చెప్పారా? మరగబెట్టడానికి పొయ్యి, గిన్నె ఇచ్చారా? లేక బయట వంద మంది బారు కట్టి నిలబడి ఉంటే తొందరగా కానియ్యమన్నారా? వంటింట్లో గరిట కింద పడితే కడిగి వాడుకోమని మనకు అమ్మలు చిన్నప్పుడే నేర్పారు. కింది ఉద్యోగికి అలా నేర్పే అమ్మ ఎవరని అడుగుతున్నాను.

ఇక 1918. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తూండగా ఓడల వెంట ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవులో దిగింది. మొదటి విడత మెల్లగానే పోయింది. సెప్టెంబరులో వచ్చిన రెండో విడత దేశాన్ని ఊడ్చేసింది. అక్టోబరు 6న ఒక్క బొంబాయిలోనే 768 మంది చనిపోయారు. దేశం మొత్తం మీద పోయినవాళ్ళు కోటీ ఇరవై లక్షలని తక్కువలో తక్కువగా లెక్క వేసినవాళ్ళు అంటారు, రెండు కోట్ల వరకూ చెప్పినవాళ్ళున్నారు. 1911 జనాభా లెక్కలకంటే 1921 జనాభా లెక్కలు తక్కువ. మన జనాభా లెక్కల చరిత్రలో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

అప్పుడు పల్లెల్లో తలుపు తట్టిందెవరు? ఎవరూ లేరు. ఉన్న కొద్దిమంది డాక్టర్లలో చాలామంది యుద్ధంలో ఉన్నారు. మన మద్రాసు రాజధాని పల్లెల్లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ అంటే అప్పుడప్పుడు వచ్చే టీకాలవాడు. ఇకపోతే చావుపుట్టుకల చిట్టా రాసే మునసబు. చచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి మనిషిని పెట్టారు గాని చావకుండా చూడ్డానికి పెట్టలేదు. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. గింజల ధరలు మండిపోయాయి. జబ్బుకు తోడు ఆకలి.

ఆ లెక్కల్లో ఒక విషయం నన్ను చాలాకాలం వెంటాడింది. చాలా దేశాల్లో ఆ జ్వరానికి మగవాళ్ళు ఎక్కువ పోతే, మన దేశంలో ఆడవాళ్ళు ఎక్కువ పోయారు. అందులోనూ ఇరవై, నలభై ఏళ్ళ మధ్యవాళ్ళు. అందరికీ పెట్టాక మిగిలింది తినే ఒళ్ళు, దానికి తోడు రోగి పక్కన రాత్రంతా కూర్చునే అలవాటు అని కారణం చెబుతారు. ఆలోచిస్తే అంతే కదా! అత్తగారికీ, మామగారికీ, మొగుడికీ, మరుదులకూ గంజి కాచి పోసి, నుదుట తడిగుడ్డ మార్చి, చెమటబట్టలు ఉతికి, ఆఖర్న తాను మంచం పట్టినప్పుడు గంజి కాచిపోసే చెయ్యి ఇంట్లో మిగల్లేదు. 1918లో ఈ దేశంలో ప్రాథమిక వైద్య సిబ్బంది అంటే ఆ ఇల్లాళ్ళే. జీతం లేదు, శిక్షణ లేదు, మునసబు చిట్టాలో కూడా ఆ హోదా లేదు.

ఇది ఇలా సాగదని పెద్దవాళ్ళకు తోచేటప్పటికి మరో యుద్ధం వచ్చింది. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. ప్రతి పల్లెకూ అందుబాటులో వైద్యం ఉండాలని, అది డబ్బుతో ముడిపడకూడదని అందులో రాశారు. 1952లో సమాజ వికాస పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. ఉపకేంద్రంలో ఉండి ఊళ్ళ వెంట తిరిగే ఏ.ఎన్.ఎం. మన పల్లెల్లో 'నర్సమ్మ' అయింది. కాగితం మీద ఆవిడ బాధ్యత అయిదు వేలమంది. బస్సు దొరక్కపోతే నడక. పురుళ్ళు, టీకాలు, కుటుంబ నియంత్రణ లెక్కలు, మాత్రలు, ఆపైన రాతకోతలు. నర్సమ్మ మీద ఒక మంచి నవల రావలసి ఉంది. ఎవరూ రాయకపోతే నేనే రాస్తాను.

మన గడపల దగ్గర అసలు పరీక్ష జరిగింది మశూచితో. మనం మశూచి అని కూడా అనేవాళ్ళం కాదు కదా! అమ్మవారు పోసింది అనేవాళ్ళం. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, పరాయివాళ్ళను గడప తొక్కనిచ్చేవారు కాదు. అలాంటి గడప ముందుకు టీకాలవాడు వచ్చి నిలబడితే తల్లులు పిల్లల్ని గాదెల చాటున దాచేవారు. అది వట్టి మూఢనమ్మకం అని కొట్టేయకండి. ఆనాటి టీకా పనిముట్టు చర్మం మీద పెట్టి గుండ్రంగా తిప్పేది. నొప్పి, చీము, జ్వరం, ఆపైన రూపాయి బిళ్ళంత మచ్చ. మా అమ్మ భుజం మీద ఇప్పటికీ రెండున్నాయి. నా భుజం మీదున్నది వట్టి బి.సి.జి. చుక్క. నేను పుట్టేటప్పటికి మశూచి టీకా అవసరమే తీరిపోయింది.

ఎలా తీరింది? 1962 నుంచీ దేశమంతా అందరికీ టీకాలు వేసేస్తాం అని బయల్దేరారు. లెక్కల్లో కోట్ల టీకాలు కనిపించాయి, మశూచి మాత్రం పోలేదు. కారణం చూస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. బడిలో సులువుగా దొరికే పిల్లలకే మళ్ళీ మళ్ళీ వేసి అంకెలు నింపుతున్నారు. పాకల్లో పసిపిల్లలూ, దేశదిమ్మరులూ అలాగే మిగిలిపోతున్నారు. 1973లో పద్ధతి మార్చారు. ఊరందరికీ పొడవడం కాదు, ముందు రోగి ఎక్కడున్నాడో వెతకండి, చుట్టూ ఉన్నవాళ్ళకు టీకాలు వేసి రోగాన్ని దడి కట్టినట్టు కట్టెయ్యండి అన్నారు. ఉత్తరప్రదేశ్, బీహారుల్లో మొదటి వెతుకులాటలోనే, అంతకుముందు కాగితాల మీద ఉన్నదానికి ఎన్నో రెట్లు కేసులు బయటపడ్డాయి. 1974లో దేశంలో లక్షా ఎనభై వేలకు పైగా కేసులు. లోకమంతా మన దేశాన్ని చూసి పెదవి విరిచింది.

ఆ వెతుకులాటకు తిరిగిన లక్షకు పైగా మనుషులు గొప్ప గొప్ప డాక్టర్లేం కాదు. కింది ఉద్యోగులు, రోజుకూలీకి పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఏం పెట్టారో చూడండి. ఒక రెండు మొనల సూది. మందు సీసాలో ముంచితే ఆ మొనల మధ్య సరిగ్గా ఒక చుక్క నిలుస్తుంది. ఆ సూదితో భుజం మీద టకటకా పదిహేను పోట్లు. ఎవరికైనా పావుగంటలో నేర్పవచ్చు. మరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. ముల్కోవాల్ పట్టకారు నేర్పిన పాఠం ఎవరికి గుర్తుందో లేదో తెలియదు గాని, ఈ సూది తయారుచేసినవాడు కింది మనిషి చేతిని దృష్టిలో పెట్టుకున్నాడు. రెండోది, మశూచి సోకిన పసివాడి బొమ్మ ఉన్న ఒక కార్డు. అది పట్టుకుని ఊరి పెద్దను అడగమనలేదు. ఊరి పెద్ద మా ఊళ్ళో అలాంటివేం లేవంటాడు, పరువు సమస్య. బడిపిల్లల్ని అడగండి, సంతలో అడగండి, టీకొట్టు దగ్గర అడగండి అన్నారు. పిల్లలు అబద్ధమాడరు, ఫలానా సందులో ఫలానావాడికి ఇలాగే ఉందని వేలు పెట్టి చూపిస్తారు.

అంతటితో వదిలెయ్యలేదు. రోగి దొరికిన ఇంటి ముందు రాత్రింబగళ్ళు వంతులవారీగా కాపలా ఉండడానికి నలుగుర్ని ఆ ఊళ్ళోవాళ్ళనే కూలికి పెట్టారు. వచ్చిపోయే ప్రతివాడికీ టీకా పడుతుంది. రోగి ఇల్లు కదలకుండా ఉండాలంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, అందుకని అవసరమైన చోట తిండి కూడా ఏర్పాటు చేశారు. కొత్త కేసు గురించి చెప్పినవాళ్ళకు బహుమతి ఇచ్చారు. మొదట్లో యాభై రూపాయలుండేది, కేసులు తగ్గేకొద్దీ పెరిగి పెరిగి వెయ్యి రూపాయలైంది. పూనాలో రోగిని చెబితే శిక్ష, ఇక్కడ చెబితే బహుమతి. 1975 మే నెలలో అస్సాంలోని కరీంగంజ్ దగ్గర దొరికిన కేసు మన గడ్డమీద ఆఖరిది. 1974లో లక్షా ఎనభై వేలు, మరుసటేడాది మే తర్వాత సున్నా.

ఆ విజయంలో మరక లేకపోలేదు. తొందర పెరిగిన చోట్ల అర్ధరాత్రి తలుపులు విరగ్గొట్టి, పట్టుకుని టీకాలు పొడిచిన సంఘటనలూ ఉన్నాయి. పూనా బూట్ల చప్పుడు అక్కడ మళ్ళీ వినిపిస్తుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మశూచి ముఖం మీద కనిపించే రోగం. పసిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. టీకా అప్పటికే చేతిలో ఉంది. తర్వాత వచ్చిన రోగాలు అంత నిజాయితీ గలవి కావు.

అంత బాగా పనిచేసిన సైన్యాన్ని తర్వాత ఏం చేశామంటే, ఇంటికి పంపేశాం. 1977 అక్టోబరు 2న పల్లెకొక ఆరోగ్య కార్యకర్త పథకం పెట్టారు. నెలకు యాభై రూపాయల గౌరవ వేతనం. కొన్నాళ్ళకు అది నీరసించిపోయింది. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు, వాళ్ళతోపాటే ప్రైవేటు డాక్టర్లు చాలామంది తలుపులు మూసుకుని వెళ్ళిపోయారు. ఆనాడు వీధివీధికీ పంచిన టెట్రాసైక్లిన్ వంశంలో మొదటి మందు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధనల్లోంచి 1948లో వచ్చిందని ఎందరికి తెలుసు? మందు అంత దూరంనుంచి వచ్చింది. ఇవ్వవలసిన మనిషి మాత్రం అందుబాటులో లేడు.

2018 మేలో కేరళలో నిపా వచ్చింది. పేరాంబ్ర తాలూకా ఆస్పత్రిలో లినీ అనే నర్సు, ఒక జ్వరం రోగికి ఒక రాత్రి మామూలుగా సేవ చేసింది. అది నిపా అని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆవిడ మే 21న పోయింది. ఇద్దరు పసిపిల్లల్ని భర్తకు అప్పగిస్తూ ఆస్పత్రి మంచం మీదినుంచి రాసిన నాలుగు పంక్తుల చీటీ దేశమంతా చదివింది. ఆ పంక్తుల్ని నేనిక్కడ ఎత్తి రాయను. ఒక్క సంగతి చెబుతాను. మహమ్మారి వచ్చిందని డప్పు వేసుకుని రాదు. అది మామూలు జ్వరంగానే వచ్చి చిన్న ఆస్పత్రి బల్లమీద పడుకుంటుంది. దాని పేరు పైవాళ్ళకు తెలిసేలోగా కింది మనిషి దాన్ని తాకేసి ఉంటుంది. కనుక ప్రకటన వచ్చాక మాస్కులు పంపితే సగం ఆలస్యమైనట్టే.

2020 నాటికి మన గడపల దగ్గరకు వచ్చింది ఆశా కార్యకర్తలు. 2005లో మొదలైన పథకం, వెయ్యిమందికి ఒకరి చొప్పున, దేశంలో ఇంచుమించు పది లక్షలమంది. అందరూ ఆడవాళ్ళే. ఆ ఊరి కోడలో, కూతురో అయి ఉండాలని నియమం. పూనాలో లేనిదీ, 1918లో లేనిదీ అదే. అందరికీ తెలిసిన ముఖం. కానీ వీళ్ళు ఉద్యోగులు కాదట, స్వచ్ఛంద సేవకులట. చేసిన పనికి ఇంత అని లెక్కకట్టి ఇస్తారు. కరోనా పనికి కేంద్రం అదనంగా ఇచ్చింది నెలకు వెయ్యి రూపాయలు. ఊరికి తిరిగొచ్చినవాళ్ళ జాబితా రాయాలి, ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడగాలి, ఎవరూ బయటికి రాకుండా చూడాలి. రోగం గురించి చాలామందికి అందిన శిక్షణ కొద్ది గంటలు, ఫోనుకొచ్చిన నాలుగు వీడియోలు. మొదటి వారాల్లో ఎంతోమంది చీర కొంగే ముక్కుకు చుట్టుకుని తిరిగారు. ఏప్రిల్ తొలివారంలో బెంగుళూరులో సర్వేకు వెళ్ళిన ఆశాల మీద జనం తిరగబడ్డారు. తెలిసిన ముఖమే అయినా, ఆవిడ వచ్చిందంటే మనింటిని కట్టడి చేస్తారన్న భయం పట్టుకుంది. ఇరుగుపొరుగు మనింటి గుమ్మం వైపు చూస్తారన్న భయం అంతకన్నా ఎక్కువ.

అదే నెలలో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళదాకా జైలు. ఏ చట్టాన్ని సవరించారో ఊహించగలరా? 1897 నాటి ఆ నాలుగు సెక్షన్ల చట్టాన్నే! ఆనాడు లోపలికి దూరే అధికారిని కాపాడిన చట్టం, నూట ఇరవై మూడేళ్ళ తర్వాత బయట నిలబడ్డ ఆడదాన్ని కాపాడ్డానికి పనికొచ్చింది. మంచిదే. కానీ అదే ఆగస్టులో లక్షలమంది ఆశాలు రక్షణ సామగ్రి కోసం, సరైన జీతం కోసం సమ్మె చెయ్యవలసి వచ్చింది. రాయి తగలకుండా చట్టం అడ్డు నిలుస్తుంది, సరే. రోగం తగలకుండా అడ్డు నిలవాల్సింది మాస్కే.

రెండో విడతలో, 2021 మేలో, తెలంగాణలో ఇంటింటి జ్వరం సర్వే జరిగింది. పరీక్ష ఫలితం కోసం కూచోకుండా జ్వరం ఉంటే అక్కడికక్కడే మందుల సంచీ చేతిలో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాగే విడతలు విడతలుగా వెతికారు. వట్టి చేతులతో వచ్చి పేరు రాసుకుపోయే మనిషికీ, మాత్రలు తెచ్చే మనిషికీ తేడా ఎవరికి తెలియదు? అంతకుముందు భయపడి తలుపు ఓరగా తీసినవాళ్ళు కూడా అప్పుడు, "అమ్మా, మా ఇంటికి కూడా రావా?" అని పిలిచారు. మశూచి వెతుకులాటలో కాపలావాళ్ళతోపాటు తిండి ఏర్పాటు చేసినట్టే ఇదీను. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకు గొప్ప పురస్కారం ప్రకటించింది. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి.

మా వీధికి వచ్చే ఆశా ఒకావిడ ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు ఆడపిల్లలు, భర్తకు మేస్త్రీ పని. ఈమధ్య డెంగ్యూ జ్వరాల కోసం కుండీల్లో నీళ్ళు చూడ్డానికి వస్తే లోపలికి పిలిచి కూచోబెట్టాను. కరోనా రోజుల మాట ఎత్తితే ముందు నవ్వేసింది.

"అప్పుడు ఎవరిల్లూ లోపలికి రమ్మనలేదమ్మా. మంచినీళ్ళడిగితే గేటు బయట సీసా పెట్టి వెళ్ళేవారు. వాళ్ళ తప్పేముంది లెండి, నేనూ మా ఇంట్లో అలాగే చేశాను. రెణ్ణెల్లు వరండాలో పడుకున్నాను, పిల్లలకు అంటుకుంటుందేమోనని. అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. మా అత్త అడ్డం పడింది, మా కోడలు దొంగతనానికి పోయిందా, మీ మందులకే కదా పోయింది అని."

"మళ్ళీ ఇలాంటిదేదైనా వస్తే?"

"వస్తే మళ్ళీ మమ్మల్నే పంపుతారు. వెళ్తాం. ఈసారి మాత్రం జబ్బేమిటో ముందు మాకు సరిగ్గా చెప్పమనండమ్మా. జనం మమ్మల్నే అడుగుతారు కదా. టీవీలో ఒకటి చెప్తారు, మా ఫోనుకి ఇంకోటి వస్తుంది, సెంటర్‌లో వేరేది చెప్తారు. మధ్యలో అబద్ధాలకోరుని నేనవుతాను."

టీ తాగి లేస్తూ, మీ మొహం పీక్కుపోయిందమ్మా, ఒకసారి చూద్దాం అంటూ సంచీలోంచి ఆక్సీమీటరు తీసి నా వేలికి తగిలించింది. ఇద్దరం దాని వైపే చూస్తూ కూచున్నాం. అంకె పడలేదు.

"బ్యాటరీలు అయిపోయాయి. పోయినసారి నేనే కొని వేశాను. ఈసారి అడిగాను, వస్తాయన్నారు," అని దాన్ని రుమాలులో చుట్టి, రిజిస్టరు పక్కన సంచీలో పెట్టుకుంది. చెప్పులు తొడుక్కుని ఎదురింటి గేటు తీసింది.